అరటిచెట్టుకు గుడ్డుపెంకు

"మీ చెట్టు మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. దానికి కాఫీ పెట్టమంటారా?"

నిన్ఫా నాతో అన్న మొదటి మాట అది. అప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నాను. గోడకు అవతల, వాళ్ల డాబా మీద, ఉతికిన దుప్పటి భుజాన వేసుకుని ఆమె నిలబడి ఉంది. మా ఇద్దరి మధ్య నా అరటాకు ఒకటి గోడ దాటి, వాళ్ల దేవగన్నేరు కుండీ మీద దర్జాగా వాలి ఉంది.

"కాఫీ వద్దులెండి. దానికి నీళ్లే ఇష్టం," అన్నాను.

"నీళ్లు బాగానే పట్టిస్తున్నట్టుంది. గాలి వీచిన ప్రతి రాత్రీ టపటప ఒకటే గోల. నాకు నిద్ర లేదు. పొద్దున్నే డ్రైవింగ్ స్కూల్లో పాఠం చెప్పాలి. పక్కన కూర్చున్నవాడు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కేలోపు నేను మేలుకుని ఉండాలి కదా."

"ఇంతకీ ఏం చేయమంటారు?"

"ఆ ఆకు కోసేయండి."

"ఆకు కోయను. కట్టేస్తాను. తాడు లేదు, మీ దగ్గరేమైనా ఉందా?"

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. జుట్టుకు కట్టుకున్న పచ్చ రుమాలు విప్పి నా మీదకు విసిరింది. జుట్టంతా భుజాల మీద పడింది. నేను నిచ్చెన మీద నుంచి పడలేదు గానీ, పడినంత పనైంది.

నా పేరు గాస్పరే. పలెర్మో నగరం చివర, సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కున్న స్ఫెర్రకవాల్లో అనే ఊళ్లో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. పగలంతా ఊళ్లోవాళ్ల ఇళ్లు చల్లబరచడం, సాయంత్రం ఇంటికొచ్చి వేడిదేశాల మొక్కల్ని బుజ్జగించడం, ఇదీ నా దినచర్య. మా మేనత్త వదిలివెళ్లిన ఇంటి వెనక దక్షిణం వైపు తిరిగిన రాతిగోడ ఒకటుంది. పగలు తాగిన ఎండను రాత్రి మెల్లగా వదులుతుంది. ఆ గోడ వెంట మూడు అరటిచెట్లు, కాస్త ముందుకి మామిడి, నీళ్ల ట్యాంకు పక్కన బొప్పాయి. నిమ్మ, ద్రాక్ష, ఆలివ్ తప్ప ఇంకోటి చెట్టే కాదనుకునే మా వీధివాళ్లు నన్ను చూసి నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను. నాకు మాత్రం అరటి గెల కళ్లముందు వేలాడుతూ కనిపించేది.

అక్టోబరులో మొదటి వాన పడిన రోజు నేను బొప్పాయికి గొడుగు కడుతున్నాను. గోడ మీద ఇంకో గొడుగు ప్రత్యక్షమైంది. దాని కింద నిన్ఫా.

"చెట్టుకు గొడుగు పట్టి మీరు తడుస్తున్నారేంటి?"

"చలివాన తగిలితే దాని మొదలు కుళ్లిపోతుంది. నేను కుళ్లను."

"అంత నమ్మకంగా ఎలా చెప్తున్నారు? మిమ్మల్ని చూస్తే నాకు అనుమానంగానే ఉంది."

"దగ్గరికొచ్చి చూడండి మరి."

సరదాకి అన్నాను. చుట్టూ తిరిగి గేటులోంచి నిజంగానే వచ్చేసింది. ఇద్దరం ఒక్క గొడుగు కింద నిలబడ్డాం. అది చిన్న గొడుగు. ఆమె కుడి భుజం తడుస్తోంది, నా ఎడమ భుజం తడుస్తోంది, మధ్యలో మాత్రం పొడిగా, వెచ్చగా ఉంది. మామిడి చూపించాను, అరటి మొవ్వాకు చూపించాను, గోడ మీద చెయ్యి పెట్టించి ఆ వానలోనూ రాయి ఎంత వెచ్చగా ఉందో చూపించాను. ఆమె గోడ మీద నుంచి చెయ్యి తీసి నా చెంపకు ఆనించి, "అవును, వెచ్చగానే ఉంది," అని నవ్వింది. ఆ నవ్వుకు నేను పడిపోయాను. ఇందులో దాచుకోవడానికేముంది.

వాన తగ్గేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

నవంబరు నుంచి మా ఊళ్లో ఎవరింట్లోనూ గుడ్డుపెంకు పారేయరు. దేవగన్నేరు కొమ్మ చివర్లకు ఒక్కో పెంకు బోర్లిస్తారు, చలికీ వానకీ ఆ చివరలు నల్లబడకుండా. ఒక సాయంత్రం నిన్ఫా డాబా మీద ఆ పని చేస్తుంటే నేను గోడెక్కి కూర్చున్నాను.

"నీ మామిడికి పెట్టవా?" అంది.

"దాని చిగురుకు గాలాడాలి. మూతి బిగిస్తే ఊరుకోదు. నీలాగే."

"నోరు ముయ్. ఆ పెంకు ఇలా అందించు." ఒక కొమ్మకు పెంకు పెట్టి, దాన్ని వేలితో సరిచేసి, కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. "అమ్మ పెళ్లయి ఈ ఇంటికొచ్చేటప్పుడు అమ్మమ్మ తన చెట్టు నుంచి కొమ్మ కోసిచ్చింది. దాన్నే ఇంత చేసింది అమ్మ. నా పెళ్లికీ ఒక కొమ్మ కోసిస్తానని నా చిన్నప్పటి నుంచి అంటుండేది. ఇప్పుడు ఆవిడ లేదు. నాకెవరు కోస్తారో."

నవ్వుతూనే అంది గానీ, నవ్వు సగంలోనే ఆగిపోయింది. కత్తెర పట్టగల మనిషి వాళ్లింట్లో ఒకాయన ఉన్నాడు, వాళ్ల నాన్న, ఊరంతా గౌరవంగా 'దోన్' అని పిలిచే లిబోరియో. కాకపోతే ఆయన నన్ను చూస్తే కనుబొమలు ముడేస్తాడు.

యాభై ఏళ్లు ద్రాక్షతోటల్లో తీగలు కత్తిరించిన మనిషాయన. చలికాలం వస్తే చుట్టుపక్కల తోటలవాళ్లందరూ ఆయన కోసం క్యూ కట్టేవారు. ఆయన కోసిన తీగ ఎండిపోయిందని ఎవరూ ఎన్నడూ వినలేదు. అటువంటి మనిషికి, ఆకులకు రుమాలు కట్టి, బొప్పాయికి గొడుగు పట్టే అల్లుడు నచ్చుతాడా? నచ్చుతాడనే నా నమ్మకం. డిసెంబరులో ఒక ఆదివారం కన్నోలి మిఠాయిల పళ్లెం పట్టుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వాళ్లింటికి భోజనానికి వెళ్లాను.

పాస్తా అయ్యాక దోన్ లిబోరియో వైను గ్లాసు కింద పెట్టి మొదలెట్టాడు.

"ఆ గోడ వెంట ఉన్నవి ఏం చెట్లు అబ్బాయ్?"

"అరటి, దోన్ లిబోరియో."

"ఎన్ని కాయలు కాశాయి?"

"ఇంకా గెల వేయలేదండి."

"ఎన్నాళ్లయింది పెట్టి?"

"మన చలికి రెండు వేసవులు పడుతుంది. ఈ వేసవికి వేస్తాయి."

"మాటలు బాగానే కాస్తున్నాయి," అన్నాడు. నిన్ఫా బల్ల కింద నా కాలు తొక్కింది, ఊరుకోమని. నేను ఊరుకునే రకం కాదు.

"మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని అడగడానికొచ్చాను."

ఆయన కన్నోలి ఒకటి తీసుకుని సాంతం తిన్నాడు. మీసం తుడుచుకున్నాడు. "ఏది ఎక్కడ కాస్తుందో తెలియనివాడికి పిల్లనెలా ఇవ్వను? గెల వేశాక రా. అప్పుడు మాట్లాడుకుందాం."

"వేసవికి వస్తాను," అన్నాను.

బయటికొచ్చాక నిన్ఫా నా మోచేతి మీద ఒక్కటిచ్చింది. "నా పెళ్లి తీసుకెళ్లి అరటిచెట్టుకు కడతావా?"

"గట్టి చెట్టే."

"అది కాయకపోతే?"

"కాస్తుంది."

ఆమె నా మొహంలోకి చూసింది. "కాయకపోతే నేను ఆయన మాట కాదని రాలేను గాస్పరే. ఆయనకు నేను తప్ప ఎవరూ లేరు. అది తెలుసుకునే ఒప్పుకున్నావా?"

"తెలుసుకునే ఒప్పుకున్నాను."

జనవరి ఆఖర్లో వడగళ్లు పడ్డాయి. వెనకాలే ఎముకలు కొరికే ఉత్తరపు గాలి. అరటాకులన్నీ మాడి, గోధుమరంగు చీరపేలికలై వేలాడాయి. నేను కంగారుపడలేదు. ఆకు పోయినా బోదె లోపల ప్రాణం ఉంటుంది. చలికాలం నిద్రపోయి, ఎండ రాగానే నడుమ నుంచి మళ్లీ మొవ్వాకు తోస్తుంది. కిందటి వేసవి పెరిగిన ఆ బోదే ఈ వేసవికి గెల ఇవ్వాలి. దాన్ని ముట్టుకోకుండా వదిలేయడమే చేయాల్సిన పని.

అలా వదిలేసి త్రాపాని దగ్గర చేపల గోదాములో శీతలయంత్రం పాడైతే వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా పెరటి మెట్టు మీద దోన్ లిబోరియో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో రంపం. మొహాన చెమట. నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. రెండు అరటిచెట్లు మొదలంటా కోసి, ముక్కలు చేసి, ద్రాక్ష కొమ్మల్ని కట్టినట్టే మోపు కట్టి గోడకు ఆనించి ఉన్నాయి. మూడోది భుజమెత్తున కోసి ఉంది. డ్రైవింగ్ స్కూల్ కోటు కూడా విప్పకుండా నిన్ఫా ఆ మోడును రెండు చేతులా కౌగిలించుకుని, తండ్రిని మింగేసేలా చూస్తోంది.

"వచ్చావా అబ్బాయ్," అన్నాడాయన. ఆ గొంతులో నిజంగా జాలి ఉంది. "నీ చెట్లు పోయాయి. మొదలు నుంచి చివరిదాకా వెతికాను, ఒక్క కన్ను లేదు. తీగకైతే రెండు కళ్లు వదిలి కోస్తాం, చిగురు అక్కణ్నుంచే వస్తుంది. కన్ను లేనిది కట్టె కిందే లెక్క. బెంగపెట్టుకోకు. ఇక్కడ నిమ్మ పెట్టుకో, మంచి అంటు నేనే తెస్తాను. ఇది కూడా తీసేద్దామంటే మా అమ్మాయి అడ్డుపడింది."

అరిచేవాణ్ణే. కానీ ఆ మోపుల్ని చూశాను, ఊడ్చిన నేలను చూశాను, డెబ్భై దాటిన మనిషి చలిలో చెమటలు కక్కుతూ కూర్చున్న తీరు చూశాను. ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది.

"చాలా శ్రమపడ్డారు దోన్ లిబోరియో. లోపలికి రండి, వేడిగా కాఫీ తాగుదాం," అన్నాను.

ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాక నిన్ఫా నా మీద విరుచుకుపడింది.

"కాఫీనా? ఆయనకు కాఫీ ఇస్తావా? గెల వేశాక రమ్మన్నది ఆయనే, గెల వేసే చెట్లు నరికిందీ ఆయనే. ఒక్క మాట అనవేం? వేసవి పోయినట్టే. నాకోసం ఆ మాత్రం పోట్లాడలేవా?"

"మీ నాన్న కూలి తీసుకోకుండా ఎవరెవరికి తీగలు కోస్తాడు?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"ఎవరికీ కోయడు. ఇరుగుపొరుగు ఎంత బతిమాలినా కూలి మాట తేలాకే కత్తెర తీస్తాడు. బాబాయి తోట, మేనత్త తోట, అంతే. సొంతవాళ్లకు తప్ప…"

ఆగిపోయింది.

"నన్ను కూలి అడగలేదు. నేను అడక్కుండానే వచ్చి కోశాడు," అన్నాను.

నిన్ఫా మోడు పక్కనే నేల మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, బహుశా రెండూ. "నిన్ను ఒప్పుకున్నట్టు ఆయనకే తెలియదా?"

"తెలియదనుకుంటా. మనం తొందరపడి చెప్పొద్దు. బతికున్న చెట్టును కోశానని తెలిస్తే కుమిలిపోతాడు."

"మరి గెల?"

"ఇదుందిగా. నువ్వు పట్టుకుంది. నన్నెప్పుడూ అలా పట్టుకోలేదు."

"అది నీలా వాగదు," అని కళ్లు తుడుచుకుంది.

కోసిన చోట వాననీళ్లు దిగితే బోదె లోపలికంటా కుళ్లుతుంది. మూత కావాలి. నేను ప్లాస్టిక్ సంచి కోసం వెతుకుతుంటే నిన్ఫా మోడు చుట్టూ తిరిగి కొలత చూసింది.

"దీనికి గుడ్డుపెంకు పెట్టాలి," అంది.

"ఇంత లావు గుడ్డు ఏ కోడి పెడుతుంది?"

"ఉండు." వీధిలో ఆపిన స్కూల్ కారు డిక్కీ తెరిచి, రివర్స్ నేర్పేటప్పుడు రోడ్డు మీద పెట్టే నారింజరంగు కోను ఒకటి తెచ్చింది. మోడు మీద బోర్లించింది. సరిగ్గా సరిపోయింది. కోను కొసన మాత్రం చిన్న కన్నం ఉంది. నిన్ఫా ఇంటికి పరిగెత్తి ఒక గుడ్డుపెంకు తెచ్చి, ఆ కన్నం మీద బోర్లించి తీగతో బిగించింది. రెండడుగులు వెనక్కేసి చూసుకుంది. "ఇప్పుడు మా ఇంటి చెట్టులా ఉంది."

నేను మాట వెతుక్కోవడం ఆమె చూసింది అదే మొదటిసారి. తర్వాత ముద్దు పెట్టుకుంది.

ఏప్రిల్‌లో కోను పక్కకు ఒరిగింది. ఎత్తి చూస్తే బోదె నట్టనడుమ నుంచి చుట్టచుట్టుకున్న లేతాకు ఒకటి, దాన్ని తోసుకుని పైకొస్తోంది. పదిరోజులకు అది విచ్చుకుని గోడ దాటింది. ఆ సాయంత్రం గోడ మీద దోన్ లిబోరియో తల కనబడింది.

చాలాసేపు చూశాడు. "దానికి కన్నేది?" అన్నాడు.

"లోపల ఉంటుందండి. కింద మట్టి దగ్గర. అక్కణ్నుంచి నడుమగుండా వస్తుంది."

"అయితే ఆ రెండింటికీ ఉండేదన్నమాట."

అబద్ధమాడొచ్చు. కానీ కళ్లెదుట ఆకు ఊగుతుంటే ఆ మనిషితో అబద్ధం ఎలా చెప్పను? "ఉండేది," అన్నాను. "పక్కనే పిలకలు వేశాయి, చూడండి. ఇంకో రెండు వేసవులకు అవీ గెల వేస్తాయి."

"బతికున్నదాన్ని కోశాను." ఆయన చేతులు గోడ మీద ఉన్నాయి. వాటిని చూసుకున్నాడు. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు కూలి అడగలేదు కదండీ."

ఆయన నా వైపు చూశాడు. టోపీ సర్దుకున్నాడు. మెట్లు దిగి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన గోడ దగ్గరికి రావడం మానేశాడు. వీధిలో ఎదురైతే పక్కసందులోకి తిరిగేవాడు. నిన్ఫా ఒకరోజు పనెల్లే, అంటే వేయించిన శనగపిండి బిళ్లలు, పెట్టిన రొట్టె పొట్లం తెచ్చి, విప్పకుండానే నా పక్కన కూర్చుంది.

"సరిగ్గా తినడం లేదు. కత్తెరకు సానపెడతాడు, మళ్లీ సొరుగులో పెట్టేస్తాడు. నీకు మొహం చూపించలేకపోతున్నాడు గాస్పరే. ఇలాగే తలుపేసుక్కూర్చుంటే గెల వేసి ఏం లాభం? పెళ్లిమాట ఎవరితో మాట్లాడతావు?"

"వస్తాడు."

"ఎలా తెలుసు?"

"మొవ్వాకు వచ్చినట్టే. పైకి ఏమీ కనబడదు, అంతే."

"నీ నమ్మకానికి దణ్ణం పెట్టాలి," అంది గానీ, పొట్లం విప్పి పెద్ద ముక్క నాకే ఇచ్చింది.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున నిన్ఫా గోడ మీద నుంచి పిలిచిన పిలుపుకు వీధి వీధంతా లేచింది. నేను బనియను మీదే పెరట్లోకి పరిగెత్తాను. ఆకుల నడుమ నుంచి ఊదారంగు మొగ్గ బయటపడి, బరువుకు కిందికి వంగి ఉంది. పై రేకులు రాలిన చోట పచ్చని పసికాయలు వేళ్లు ముడుచుకుని వరసగా ఉన్నాయి. నా గెల. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిన్ఫా డాబా మీద చిన్నపిల్లలా గెంతుతోంది.

ఇంతలో ఆమె వెనక దోన్ లిబోరియో వచ్చాడు. ఆదివారం కోటు వేసుకున్నాడు. చేతిలో కత్తెర. నిన్ఫా గెంతడం ఆపేసింది.

"నాన్నా, ఏం కోయబోతున్నావు?"

ఆయన గోడ దగ్గరికొచ్చి నా మొహంలోకి సూటిగా చూశాడు, ఏప్రిల్ తర్వాత మొదటిసారి.

"ఎన్ని కాయలు?"

"ఇంకా లెక్కపెట్టలేదండి. ఇప్పుడే చూశాను."

"నేను పెట్టాను. తెల్లవారగానే వచ్చి చూసి వెళ్లాను." గొంతు సవరించుకున్నాడు. "వచ్చి మాట్లాడతానన్నావుగా. బనియనుతోనా మాట్లాడటం? చొక్కా వేసుకుని రా."

నేను కదల్లేదు. ఆయన దేవగన్నేరు కుండీ వైపు తిరిగాడు. కొమ్మలన్నీ ఒక్కొక్కటిగా పట్టి చూశాడు, తీగల్ని చూసినంత శ్రద్ధగా. పూలగుత్తి వేసిన మంచి కొమ్మను ఎంచుకున్నాడు. కత్తెర ఒక్కసారే పడింది, నున్నగా. కోసిన చోట పాలు చిమ్మాయి.

"మీ అమ్మ ఉంటే తనే కోసేది," అని కొమ్మను కూతురి చేతిలో పెట్టాడు. "ఒక వారం నీడన ఆరబెట్టి, అప్పుడు నాటు. అదిగో, ఆ రాతిగోడ పక్కన. అబ్బాయి చెప్పాడన్నావుగా, నిజమే, అక్కడ వెచ్చగా ఉంటుంది."

నిన్ఫా కొమ్మను గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. పాలు ఆమె తెల్ల గౌను మీద కారుతున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. తన కళ్లు కూడా తుడుచుకుని, వేరే ఏదో తుడుచుకున్నట్టు మీసం సర్దుకున్నాడు.

"చలికాలం పెంకు పెట్టడం మరిచిపోకు," అన్నాడు.

"మరిచిపోతే కోను ఉందిగా నాన్నా."

నేను లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కున్నాను. బొత్తాలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నానని వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాక ఆయనే చెప్పాడు.